ఒక్క నిర్ణయాన్ని పట్టుకోండి: స్థానిక రాజకీయాల మీద కేస్ స్టడీ ఎలా చేయాలి

పీజీలో ప్రాజెక్టుకో, జర్నలిజం కోర్సుకో ‘స్థానిక రాజకీయాలపై కేస్ స్టడీ’ అని టాపిక్ ఇవ్వగానే చాలామంది ఏం చేస్తారంటే, ఒక ఊరి పేరు రాసుకుని, జనాభా ఎంత, ఏయే కులాలున్నాయి, ఇప్పటిదాకా సర్పంచులుగా ఎవరెవరు చేశారు, ఏయే పథకాలు వచ్చాయి అని ముప్పై పేజీలు నింపేస్తారు. నేనూ మొదటిసారి అలాగే రాసి ఇచ్చాను. మా సార్ మొత్తం చదివి, ‘ఊరి గురించి అన్నీ ఉన్నాయి, కానీ నువ్వు అడిగిన ప్రశ్న ఏది?’ అన్నారు. చూస్తే నిజంగానే ప్రశ్న లేదు.

అప్పటినుంచి నేను పాటిస్తున్నది, అడిగిన ప్రతివాళ్లకీ చెప్తున్నదీ ఒకటే. ఊరిని తీసుకోకండి, నాయకుడిని తీసుకోకండి, ఒక నిర్ణయాన్ని తీసుకోండి. వాటర్ ట్యాంకు ఇక్కడ కాకుండా అక్కడ ఎందుకు కట్టారు? పక్క తండా వేరే పంచాయతీ అయితే ఈ తండా ఎందుకు కాలేదు? వరసగా మూడుసార్లు ఏకగ్రీవమైన ఊళ్లో ఈసారి పోటీ ఎందుకు వచ్చింది? 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు జిల్లా కేంద్రం ఈ పట్నానికి వచ్చింది, ఆ పట్నానికి ఎందుకు రాలేదు? నిర్ణయానికి ఒక తేదీ ఉంటుంది, దాని కింద ఎవరివో సంతకాలుంటాయి, ఎక్కడినుంచో డబ్బు వస్తుంది, దానివల్ల కొందరు బాగుపడతారు, కొందరికి దెబ్బ తగులుతుంది. ఆ నాలుగూ వెతుక్కుంటూ పోతే ఊరి కులాలు, పార్టీలు, పాత తగాదాలు, ఎమ్మెల్యేతో సంబంధాలు అన్నీ అవసరమైన మేరకు వాటంతటవే బయటికొస్తాయి. అవసరం లేనివి రావు, అదింకా మంచిది.

నిర్ణయం దొరికాక ఇంకో ప్రశ్న వేసుకోవాలి, ఇది దేనికి ఉదాహరణ? మీ ఊరి ట్యాంకు సంగతి మీ ఊరివాళ్లకు కాకుండా ఇంకొకరికి ఎందుకు కావాలి? ‘గ్రామసభ తీర్మానం చేసినా అమలు దగ్గర మాట ఎవరిది చెల్లుతుంది’ అనే పెద్ద ప్రశ్నకు మీ ట్యాంకు ఒక ఉదాహరణ కావచ్చు. మహిళా రిజర్వేషన్ ఉన్న సీట్లో నిజంగా అధికారం ఎవరు నడుపుతారన్నదానికి కావచ్చు. ఆ ఒక్క వాక్యం రాయలేకపోతే ఫీల్డుకు వెళ్లడం కొన్నాళ్లు ఆపండి, ఎందుకంటే వెళ్లాక అన్నీ ముఖ్యమే అనిపిస్తాయి, ఏది వదలాలో తెలియదు. వీలైతే పక్కూరిని కూడా చూడండి. ఒకే మండలం, ఒకే ఎమ్మెల్యే, దాదాపు అంతే జనాభా, కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చే అవే ఆర్థిక సంఘం నిధులు, అయినా అక్కడ ఒకలా ఇక్కడ ఒకలా జరిగిందంటే, ఆ తేడాలోనే మీ జవాబు ఉంటుంది.

ముందు కాగితాలు

మనుషుల దగ్గరికి వెళ్లేముందు కాగితాలు చూడాలి. ముందే మనుషుల్ని కలిస్తే వాళ్లు చెప్పిన కథే మన బుర్రలో కూర్చుంటుంది, తర్వాత కాగితాల్లో దానికి సరిపోయినవే కనిపిస్తాయి.

పంచాయతీ అయితే తీర్మానాల పుస్తకం, అంటే మినిట్స్ బుక్, అన్నిటికంటే ముఖ్యం. తర్వాత క్యాష్ బుక్, పని ఎస్టిమేట్లు, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం), చెల్లింపుల ఓచర్లు, ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టర్. వీటికోసం సమాచార హక్కు చట్టం ఉంది. ఉమ్మడి రాష్ట్రం 2005లో పెట్టిన రూల్స్ ప్రకారం గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలుకు వెళ్లొచ్చు. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే దరఖాస్తులో ‘ఎందుకు’ అని అడగడం. ట్యాంకు అక్కడ ఎందుకు కట్టారో తెలపగలరు అని రాస్తే ‘ఇది సమాచారం కిందికి రాదు’ అని తిరిగొస్తుంది, అలా తిప్పి పంపడానికి వాళ్లకు వీలుంది కూడా. ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు గ్రామసభ, పాలకవర్గ సమావేశాల తీర్మానాల నకళ్లు’ అని అడగండి. ఎందుకన్నది కనుక్కోవాల్సింది మీరు. ఇంకా మంచిది, నకళ్లు అడక్కుండా రికార్డుల తనిఖీకి అనుమతి అడగండి, మొదటి గంటకు ఫీజు లేదు. నకలులో అక్షరాలే కనబడతాయి, అసలు పుస్తకం చేతిలో ఉంటే పేజీల మధ్య వదిలిన ఖాళీలు, వేరే ఇంకుతో ఇరికించిన లైన్లు, ఒకే చేతిరాతలో ఉన్న నాలుగు సంతకాలు కనబడతాయి.

దరఖాస్తు పెట్టేముందు ఆన్‌లైన్‌లో ఏముందో చూసేయండి, సగం టెన్షన్ తగ్గుతుంది. పంచాయతీ ప్రణాళికలు, ఖర్చులు ఈ-గ్రామ్ స్వరాజ్ అనే కేంద్ర ప్రభుత్వ సైటులో ఉంటాయి, ఉపాధి హామీ పనుల వివరాలు దాని సైటులో పని నంబరుతో సహా దొరుకుతాయి. 2021–26 మధ్య 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలి, మిగిలిన 40 శాతమే పంచాయతీ తన అవసరాలనుబట్టి వాడుకోవచ్చు. ఈ ఒక్క లెక్క తెలియకపోతే ‘సర్పంచ్ రోడ్డు వేయలేదు, ట్యాంకే కట్టించాడు’ అన్నది ఆయన ఇష్టం అనుకుని రాసేస్తారు. నిధుల షరతు చేయించిన పనిని మనిషి చేసిన రాజకీయం అనుకోకూడదు.

ఎన్నికల లెక్కల దగ్గర చాలామంది తడబడతారు. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు జరిపేది కేంద్ర ఎన్నికల సంఘం. రెండూ వేరు, సైట్లు వేరు, రికార్డులు వేరు. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు, ఎంపీటీసీ, జడ్పీటీసీ జరుగుతాయి. అందుకని సర్పంచుల్లో ఏ పార్టీకి ఎన్ని వచ్చాయన్నదానికి అధికారిక లెక్క ఉండదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రలో నాలుగు దశల్లో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు ప్రతి దశ తర్వాతా పార్టీలు ఎవరి లెక్క వాళ్లు చెప్పుకున్నాయి. పేపర్లో వచ్చిన ‘మద్దతుదారుల’ సంఖ్యను ఫలితంలాగా రాయకండి, ఎవరు ప్రకటించారో చెప్పి రాయండి. అసెంబ్లీకైతే ఫారం 20లో బూత్‌వారీగా ఓట్లు దొరుకుతాయి, ఊళ్లో ఏ బూతు ఏ వాడలకు చెందుతుందో తెలుసుకుంటే చాలా అర్థమవుతుంది, కానీ ‘ఈ బూతులో ఇన్ని ఓట్లు పడ్డాయి కాబట్టి ఫలానా కులం అంతా ఈ పార్టీకే వేసింది’ అనే దూకుడు మాత్రం వద్దు. అభ్యర్థి ఆస్తులు, కేసుల కోసం ఫారం 26 అఫిడవిట్ ఉంది.

పాత కొత్త ఫలితాలు పోల్చేటప్పుడు సరిహద్దులు చూసుకోండి. 2009 ఎన్నికల నుంచి నియోజకవర్గాలు పునర్విభజనతో మారిపోయాయి, పేరు అదే ఉన్నా లోపలి మండలాలు వేరు కావచ్చు. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయి 2019లో 33 అయ్యాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు చాలావరకు కొత్త పంచాయతీలయ్యాయి. 2011 జనగణన పుస్తకంలో మీ ఊరి జనాభా ఒకటుంటే, ఇప్పటి పంచాయతీ జనాభా అందులో సగమే కనబడొచ్చు, మిగతావాళ్లు వలస పోలేదు, పంచాయతీ విడిపోయింది. ఇంకో ముఖ్యమైన విషయం, పాలకవర్గాలు లేని కాలాలు. ఆంధ్రలో 2018 ఆగస్టులో సర్పంచుల పదవీకాలం ముగిస్తే 2021 దాకా ఎన్నికలు జరగలేదు, అన్నాళ్లూ స్పెషల్ ఆఫీసర్ల పాలన. తెలంగాణలోనూ 2024 మొదట్లో పదవీకాలం అయిపోయాక అదే పరిస్థితి వచ్చింది. మీ నిర్ణయం ఆ కాలంలో పడితే ‘పంచాయతీ నిర్ణయించింది’ అనే మాటకు అర్థమే మారిపోతుంది, ఎన్నికైనవాళ్లెవరూ లేకుండానే నిర్ణయం జరిగిందన్నమాట.

పేపర్లు కూడా చూడండి, ముఖ్యంగా జిల్లా ఎడిషన్లు. రెండు మూడు పేపర్లలో అదే వార్త ఎలా వచ్చిందో పక్కపక్కన పెట్టుకుంటే పేపర్ల రాజకీయం కూడా తెలుస్తుంది. తేదీలకు పేపరు బాగా పనికొస్తుంది, కారణాలకు అంతగా పనికిరాదు.

తర్వాత మనుషులు

సర్పంచ్‌తో మొదలుపెట్టకండి. మొదటిరోజే సర్పంచ్ ఇంటికెళ్లి కుర్చీలో కూర్చుని టీ తాగారంటే, ఆ సాయంత్రానికల్లా మీరు ఫలానావాళ్ల మనిషి అని ఊరంతా తెలిసిపోతుంది. ముందు ఊళ్లో పనిచేసే, ఎన్నిక కాని వాళ్లను కలవండి. పంచాయతీ కార్యదర్శి, వాటర్‌మ్యాన్, ఆశా కార్యకర్త, పొదుపు సంఘాల లీడర్లు. నీళ్లు ఏ వీధికి ఎంతసేపు వదులుతారో, ఎవరు ఫోన్ చేస్తే ఇంకో అరగంట ఎక్కువ వదులుతారో వాటర్‌మ్యాన్‌కు తెలిసినంతగా ఎమ్మెల్యేకు కూడా తెలియదు. తర్వాత ఓడిపోయిన అభ్యర్థి, మాజీ సర్పంచ్, ఉపసర్పంచ్, ఆఖరికి సర్పంచ్. తెలంగాణ 2018 చట్టం చెక్కుల మీద సర్పంచ్‌తోపాటు ఉపసర్పంచ్ సంతకం కూడా పెట్టించింది, అందుకని ఆ ఇద్దరికీ పొసగని ఊళ్లో పని ఆగిందంటే ఉపసర్పంచ్‌ను తప్పక కలవాలి.

రాష్ట్రాల చట్టాలతో మహిళలకు సగం సీట్లున్నాయి కాబట్టి, సగం ఊళ్లలో మీరు కలవాల్సింది సర్పంచ్ అమ్మగారిని. ఫోన్ మాత్రం వాళ్లాయన ఎత్తుతాడు. ‘నాతో మాట్లాడండి, అన్నీ నేనే చూసుకుంటా’ అంటాడు. ఆయనతో మాట్లాడండి, రాసుకోండి, కానీ అక్కడితో తిరిగి రాకండి. వీలైతే మన బృందంలో ఒక ఆడపిల్ల విడిగా వెళ్లి ఆమెతో కూర్చోవాలి. నేను చూసిన ఒక ఊళ్లో సర్పంచ్ అమ్మ బియ్యం ఏరుతూ మాట్లాడింది. ‘ఆ రోజు మీటింగ్ జరిగిందా అమ్మా?’ అంటే, ‘జరిగిందన్నారు బాబూ, పుస్తకం ఇంటికి పంపారు, సంతకం పెట్టా’ అంది. కాసేపు ఆగి, ‘ట్యాంకు బడి దగ్గర కట్టాలని మాత్రం నేనే అన్నా, అది రాశారో లేదో నాకు చదువు రాదు’ అంది. రాశారు. తీర్మానాల పుస్తకంలో బడి దగ్గరే అని ఉంది. ట్యాంకు మాత్రం ఊరికి అటువైపు, మాజీ సర్పంచ్ బంధువులు ఇచ్చిన స్థలంలో లేచింది.

ఈ ట్యాంకు సంగతే కాస్త పూర్తిగా చెప్తాను, ఎలా వెతకాలో దీంతో తెలుస్తుంది. బడి ఉన్నవైపు కాలనీలో అడిగితే అందరూ ఒకటే మాట, ‘మేం ఎస్సీలం కాబట్టి మా వైపు కట్టలేదు’. పెద్ద వీధిలో అడిగితే, ‘బడి దగ్గర స్థలం పోరంబోకు, రెవెన్యూవాళ్లు ఇవ్వలేదు, మేమేం చేస్తాం’. రెండూ నమ్మేలా ఉన్నాయి. ఇక్కడే చాలామంది ‘భిన్నాభిప్రాయాలు వ్యక్తమయ్యాయి’ అని రాసేసి పక్కకు తప్పుకుంటారు. అలా తప్పుకోకండి, ఏది నిజమైతే ఏ కాగితం ఉండాలో ఆలోచించండి. రెవెన్యూవాళ్లు స్థలం ఇవ్వలేదంటే పంచాయతీ అడిగి ఉండాలి, అడిగితే తహసీల్దార్ ఆఫీసుకు వచ్చే ఉత్తరాలు రాసుకునే ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఒక నంబరు పడాలి. ఆ ఏడాది రిజిస్టర్ తనిఖీకి దరఖాస్తు పెట్టి, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని పేజీ పేజీ వేలు పెట్టి చూశాను. ఆ ఊరి పంచాయతీ నుంచి వచ్చిన ఉత్తరాలు ఏడు ఉన్నాయి, స్థలం గురించి ఒక్కటీ లేదు. అడగనే లేదు. పైగా అటువైపు స్థలానికి ఎస్టిమేట్ తయారైన తేదీ, గ్రామసభ తీర్మానం తేదీ కంటే ముందుంది. గ్రామసభ బడి దగ్గర అని తీర్మానం చేసేనాటికే ఇంకోచోట లెక్కలు వేసి పెట్టారు.

అంటే కాలనీవాళ్ల మాట నిజమేనా? నేను అంతదూరం పోలేదు. కులం వల్లే అని ఏ కాగితమూ చెప్పదు, చెప్పదు కూడా ఎప్పటికీ. నాకు రుజువున్నంతవరకు రాశాను. సర్పంచ్ కోరిక తీర్మానంలోకి ఎక్కింది, ఆ తీర్మానాన్ని అమలు చేయడానికి వేయాల్సిన మొదటి ఉత్తరమే ఎవరూ వేయలేదు, ఆ ఉత్తరం వేయకపోవడం వల్ల ఎవరి స్థలం విలువ పెరిగిందో, నీళ్ల కోసం ఎవరు దూరం నడుస్తున్నారో ఇదీ. స్థానిక రాజకీయాల్లో సగం నిర్ణయాలు ఇలాంటివే, ఎవరూ ‘వద్దు’ అనరు, ఫైలు కదలదు అంతే. కాబట్టి జరిగిన పనుల జాబితాతోపాటు, జరగాల్సి ఉండీ జరగని పనుల జాబితా ఒకటి పెట్టుకోండి.

మాట్లాడేటప్పుడు రికార్డు చేస్తే అడిగి చేయండి. కులం, పార్టీ గురించి మొదటి ప్రశ్నగా అడగొద్దు, వాళ్లే తెస్తారు. ‘అందరూ అనుకుంటున్నారు’ అంటే ‘మీరు ఎవరినుంచి విన్నారండీ, మీరు అక్కడ ఉన్నారా’ అని మెల్లగా అడగండి. ఏ మాటైనా ఒకరికొకరు పడని ఇద్దరి దగ్గర సరిచూసుకోండి. నోట్సు అదేరోజు రాత్రి రాసేయండి, రేపటికి వాళ్ల మాటలు మీ మాటలైపోతాయి.

రాష్ట్రస్థాయి కేసు అయితే

పద్ధతి అదే, కాగితాలు పెద్దవి. జీవోలు, అసెంబ్లీ చర్చల రికార్డులు, బడ్జెట్ పుస్తకాలు, కాగ్ ఆడిట్ నివేదికలు. ఉదాహరణకు నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తీసుకోండి. అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, 1992లో జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు ఆగిపోయాయి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని ఎత్తేశారు. అందరికీ తెలిసిన కథ ఇది, ‘చదువు వచ్చింది, చైతన్యం వచ్చింది, నిషేధం వచ్చింది’ అని రాస్తే కొత్తగా చెప్పిందేమీ లేదు. అక్షరాస్యత తరగతులు మిగతా జిల్లాల్లోనూ జరిగాయి కదా, ఉద్యమం ముందు నెల్లూరులోనే ఎందుకు అంటుకుంది? సారా ఆదాయం మీద ఆధారపడ్డ ప్రభుత్వం ఏ నెలలో మెత్తబడింది, అప్పుడు ప్రతిపక్షం ఏమంది, ఎన్నికలు ఎంత దూరంలో ఉన్నాయి? 1995లో పెట్టినదాన్ని రెండేళ్లకే ఎత్తేసినప్పుడు, అప్పుడు రోడ్డెక్కిన ఆడవాళ్లు ఎక్కడున్నారు? నెలలవారీగా ఒక చార్టు గీసి, ఒక గడిలో ఊళ్లో జరిగింది, పక్క గడిలో సెక్రటేరియట్‌లో జరిగింది రాయండి. ఏది ముందు ఏది వెనక అన్నది తేలితేనే ఏది కారణమో మాట్లాడే హక్కు వస్తుంది.

రాయడం

మొదటి పేజీలో పంచాయతీరాజ్ చరిత్ర ఎత్తుకుని 73వ రాజ్యాంగ సవరణ, బల్వంతరాయ్ మెహతా కమిటీ అని మొదలుపెట్టకండి. చదివేవాళ్లకు అవి తెలుసు. నిర్ణయంతో మొదలుపెట్టండి, ఫలానా నెలలో గ్రామసభ ఇలా తీర్మానించింది, ఏడాదిన్నర తర్వాత అలా జరిగింది, ఎందుకు? చట్టం ఎక్కడ అవసరమైతే అక్కడ రెండు వాక్యాల్లో చెప్పండి. నేపథ్యం రెండు పేజీలు దాటితే కోసేయండి, కష్టపడి సేకరించాం కదా అన్న బాధ ఉంటుంది, అయినా కోసేయండి.

తెలిసిన ప్రతి విషయం ఎలా తెలిసిందో వాక్యంలోనే కనబడాలి. ‘రిజిస్టర్‌లో ఉంది’, ‘ఇద్దరు వార్డు మెంబర్లు విడివిడిగా చెప్పారు’, ‘ఒక్కరే చెప్పారు, ఇంకెవరూ ధ్రువపరచలేదు’. ‘తెలుస్తోంది’, ‘సమాచారం’ లాంటి పేపరు భాష వాడకండి, ఆ మాటల వెనక ఎవరున్నారో ఎవరికీ తెలియదు. మీ వాదనకు అడ్డొచ్చే వాదనను కూడా దాని బలం తగ్గించకుండా ఒక పేజీ రాయండి. పెద్ద వీధివాళ్లు చదివినా ‘మా మాట సరిగ్గానే రాశాడు’ అనాలి.

పేర్ల విషయంలో కచ్చితంగా ఉండండి. పదవిలో ఉన్నవాళ్ల బహిరంగ నిర్ణయాలు వేరు, నమ్మి మీతో మాట్లాడిన వాటర్‌మ్యాన్ వేరు. ఊళ్లో ఒక్కడే వాటర్‌మ్యాన్ ఉంటాడు, పేరు మార్చినా అందరికీ తెలిసిపోతుంది. అందుకే పేరుతోపాటు అవసరమైతే ఊరి పేరు, పని పేరు కూడా మార్చాలి, లేదా ‘పంచాయతీలో పనిచేసే ఒకరు’ అని ఆపేయాలి. మీరు మార్కులు తీసుకుని వెళ్లిపోతారు, ఆయన ఆ ఊళ్లోనే ఉండాలి.

ఇచ్చేసేముందు ఒకసారి ఊరికి తిరిగెళ్లి, మీతో మాట్లాడినవాళ్లకు వాళ్ల భాగం చదివి వినిపించండి. నేను ట్యాంకు కేసు చదివి వినిపించినప్పుడు ఒక మాజీ వార్డు మెంబరు నా తేదీల్లో ఒక తప్పు పట్టాడు, సభ జరిగింది ఉగాది ముందు, తర్వాత కాదు అన్నాడు. నా దగ్గరున్న మినిట్స్ బుక్ ఫొటో బయటికి తీసి చూస్తే ఆయన చెప్పిందే నిజం, నేను నోట్సులోకి ఎక్కించేటప్పుడు నెల తప్పు రాశాను. సర్పంచ్ అమ్మ మాత్రం తన మాట ఉన్న చోటికి వచ్చేసరికి ఇంకోసారి చదవమంది. చదివాను. ‘బడి దగ్గర అని పుస్తకంలో ఉందన్నమాట’ అంది.